హైదరాబాదు నగరమున ఆంధ్రబాలికావిద్య

మూసీనదికి దక్షిణమున, చార్మినారు చుట్టును వ్యాపించిన పాతనగరము 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షాహిచే నిర్మింపబడినది. ఆ నగరమును గూర్చి వ్రాయువారు దాని కమానులను, మసీదులను, దేవిడీలను, ముత్యాల వర్తకమును వర్ణింతురు. ఆ వీథులలోని పిల్లలు ఏ భాషలో నేమి చదివిరో, ఆ చదువులో నాడుపిల్లల పాలెంతయో చెప్పువారరుదు. అట్లే నిజాము రాష్ట్రాంధ్రోద్యమ చరిత్రమును వ్రాయువారు 1921లో నొక సభయందు దెలుగు భాషకు గలిగిన యవమానమును విస్తరించి చెప్పుదురు. ఆ పిమ్మట బాలికావిద్య విషయమున జరిగిన కృషిని మాత్రము ఒకటి రెండు వాక్యములతో దాటి పోవుదురు. ఈ రెండు కథలును ఒకచోట గలియుచున్నవి. ఆ కూడలి యెట్టిదో విచారించుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

ఆసఫ్‌జాహీల కాలమున రాజకార్యములకు మొదట బారసీయు, 1884 ప్రాంతమునుండి ఉర్దువును భాషలైనవి. శాలిబండ, గౌలిపుర మొదలైన పేటలలో దెలుగువారు తరతరములుగ గాపురముండిరి. కాని వారిలో నుద్యోగము గోరినవాడు కొడుకునకు బారసీ యుర్దువులనే చెప్పించెను. వర్తకము చేయువాడు లెక్కలకును, ఉత్తరములకును జాలినంత తెలుగును వీథిబడిలో నేర్పించెను. కూతునకు ఈ రెండింటిలో నేదియు నక్కఱ లేదని తలంచుటచేత నామెకు బడియే లేదు. ఆమె విద్య పురాణశ్రవణముచేతను, పెద్దవారి పాటలచేతను, వ్రతకథలచేతను సిద్ధించిన శ్రుతవిద్య. ముసల్మానుల యిండ్లలో మాత్రము ఉస్తానీ యొకతె వచ్చి బాలికలకు ఖురానును బఠించుట నేర్పెడి యాచారముండెను. అక్షరపరిచయమునకు అదియైన నొక యాధారము. తెలుగు గృహములలో అట్టి వ్యవస్థయు లేదు.

ఈ స్థితిలో నొక యాడుబిడ్డ తనంత తానుగ జదువుకొన్న కథ తెలుగువారి చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధము. భండారు అచ్చమాంబ (1874-1905) బాల్యము నల్లగొండ మండలములోని దేవరకొండలో గడచినది. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా నామెయు జదువుకొన్నది. అబలాసచ్చరిత్రరత్నమాలను రచించి తెలుగున స్త్రీల చరిత్రమునకు దారి తీసినది. ఆ లక్ష్మణరావే 1901లో రావిచెట్టు రంగారావు, మునగాల జమీందారు నాయని వేంకటరంగారావు మొదలైనవారితో గూడి హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించెను. నిలయము రంగారావు గృహముననే మొదలైనది. ఆయన మరణించిన పిదప నిలయభవనమునకు ద్రవ్యసాహాయ్యము చేసినది ఆయన భార్య లక్ష్మీనరసమ్మ. గ్రంథాలయోద్యమమున పురుషుల పేళ్లే వినబడును గాని, దాని పునాదిలో నొక స్త్రీ చదువును, ఇంకొక స్త్రీ ధనమును గలవు.

నిలయము పాతనగరమున గాక, నది కుత్తరమున రెసిడెన్సీ బజారులో, నేటి సుల్తాను బజారులో నేల వెలసినదని యడుగవచ్చును. ఆ బజారు 1933 వఱకు ఆంగ్లేయ రెసిడెంటు పాలనలో నుండెను. నిజాము ప్రభుత్వపు టనుమతులును నిషేధములును అచట నంతగా జెల్లవు. కావున సభ చేయదలచినవారును, పత్రికలు తెప్పించి చదువదలచినవారును వంతెన దాటిపోయిరి. పాతనగరమున శాలిబండలో బాలసరస్వతీ గ్రంథాలయము వంటివి తరువాత వెలసినను, తెలుగువారి ప్రజాసంస్థలకు ఉత్తరతీరమే నెలవైనది. మూసీ యొక నదియే గాక, రెండు పాలనల నడిమి యెల్లయు నైనది. ఈ సంగతి మఱచినచో, బాలికల పాఠశాల నారాయణగూడలో నుండుట యాదృచ్ఛికమని తోచును.

స్త్రీవిద్య యా నగరమున బొత్తిగ లేదనుట తప్పు. 1885 ప్రాంతముననే హైదరాబాదు వైద్యపాఠశాలలో స్త్రీలు ప్రవేశించిరి. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ యను పారసీకవనిత క్లోరోఫారముతో మత్తు గూర్చు విద్యయందు బ్రపంచముననే తొలి స్త్రీలలో నొకతెగ బేరొందినది. 1907లో ప్రభువంశీయుల బాలికలకై మహబూబియా పాఠశాల యేర్పడెను; అందు బోధన యాంగ్లమున. ఉర్దూ రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా (1884-1958) స్త్రీలకై పత్రిక నడపి, 1934లో సఫ్దరియా యను బాలికా పాఠశాలను స్థాపించినది. పర్దాను విడిచి సభలలో మాటలాడిన యా విదుషి ధైర్యము సామాన్యమైనది కాదు. అయితే వైద్యపాఠశాలకు ఆంగ్లము, మహబూబియాకు ఆంగ్లము, తక్కిన సర్కారు పాఠశాలలకు ఉర్దువు. ఇంట దెలుగు మాటలాడు బాలిక కీ ద్వారములలో నేదియు దనది కాదు.

ఇక విశ్వవిద్యాలయముల కథ. 1916లో ధోండో కేశవ కర్వే పూనా యొద్ద భారత మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించెను. అంతకు బూర్వమే 1893లో వితంతువును వివాహమాడి, 1896లో వితంతు శరణాలయమును నెలకొల్పిన మహనీయుడాయన. జపాను దేశపు మహిళా విశ్వవిద్యాలయ వృత్తాంతమును జదివి యుత్సాహము బొంది యీ పని కుపక్రమించెను. ఆయన యేర్పఱచిన నియమములలో ముఖ్యమైనది యొకటి: బోధనయు బరీక్షయు దేశభాషలలో జరుగవలెను, ఆంగ్లము అవశ్యపఠనీయమైన రెండవ భాషగా నుండవలెను. సరిగా రెండేండ్లకు, 1918లో, హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ మేర్పడెను. దానికి మూలమైన 1917 ఫర్మానాలోని వాదమును నదియే: పరభాషలో జదువుట మేధస్సునకు భారము, కావున దేశభాషలో జదువవలెను, ఆంగ్లము అవశ్యపఠనీయ విషయముగ నుండవలెను. భారతదేశమున నాంగ్లమును బోధనాస్థానమునుండి తొలగించుటకు బూనుకొన్న యీ రెండు ప్రయత్నములును స్తుత్యములే. కాని ఉస్మానియాలో దేశభాష యన ఉర్దువు. రాష్ట్రప్రజలలో దాదాపు సగము మంది తెలుగువారు. ఉర్దువు మాతృభాషగా గలవారు పదింట నొకవంతు. మాతృభాష యను పదమును షష్ఠీతత్పురుషముగ విగ్రహించినచో తల్లియొక్క భాష యని యర్థము వచ్చును. ఎవరి తల్లి యను ప్రశ్నకు ఫర్మానాలో సమాధానము లేదు.

కర్వే నియమమున కట్టి సంకోచము లేదు. ఏ ప్రాంతపు బాలిక యైనను దన భాషలో బరీక్ష వ్రాయవచ్చును. ఈ భేదమే తరువాతి కథకు గీలకము.

1921 నవంబరులో, మూసీ యుత్తరతీరమున వివేకవర్ధినీ నాటకశాలలో, నిజాము రాష్ట్ర సంఘసంస్కారసభ జరిగినది. అధ్యక్షుడు ఆ కర్వేయే. సభలో నాంగ్లమున, ఉర్దువున, మరాఠీలో నుపన్యాసములు జరిగినవి. ఎల్లరును శ్రద్ధతో వినిరి. ఆలంపల్లి వేంకటరామారావు లేచి తెలుగున మాటలాడ నారంభింపగనే సభ్యులలో గొందఱు కేకలు వైచి, చప్పట్లు చఱచి, పరిహసించి, యాయనను మాటలాడనీయరైరి. తెలుగువారు కొందఱు సభ విడిచి, ఆ రాత్రియే టేకుమాల రంగారావు గృహమున గూడి యాంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు దానికి గార్యదర్శియై, పిదప రాష్ట్రమంతట గ్రంథాలయములను, శాఖాసంఘములను నెలకొల్పుటకు గారకు డయ్యెను. ఈ వృత్తాంతము సుప్రసిద్ధము. ఇందు మరాఠీలనే దూషించి తృప్తి నొందుట చరిత్రకారుని ధర్మము గాదు. ఆ సభాస్థలమునకు నిలయమైన వివేకవర్ధినిని 1907లో స్థాపించి స్వదేశీయ విద్యకు బాటు పడినవారు కేశవరావు కోరట్కరు మొదలైన మహారాష్ట్రులే గదా. పరిహాసము చేసినవారు వేఱు, పాఠశాల గట్టినవారు వేఱు.

మాడపాటి హనుమంతరావు (1885-1970) న్యాయవాది. ఉర్దూ పారసీకములందును నిపుణుడు. ఆయన తెలుగును గోరినది ఉర్దువు తెలియకగాదు. ఆంధ్రజనసంఘ కార్యక్రమములలో నాయనకు మిక్కిలి ప్రియమైనది బాలికావిద్య. 1928లో నారాయణగూడలో దెలుగు బోధనాభాషగా నాంధ్రబాలికా పాఠశాల వెలసినది. క్రమముగ నది యాంధ్రబాలికోన్నతపాఠశాల యైనది. అది సులభసాధ్యమైన కార్యము గాదు. ప్రైవేటు పాఠశాల దెఱచుటకు బ్రభుత్వానుమతి గావలెనను నియమము అమలులో నుండెను. ఖానగీ బడులు, అనగా సొంత బడులు, ఆ నియమముచే నెన్నియో మూతబడెను. ఒకవేళ పాఠశాల నిలిచినను, ఉన్నతతరగతులు చదివిన బాలికకు బరీక్ష యెక్కడ? సర్కారు పరీక్షలకు ఉర్దువే మార్గము. పరీక్ష లేని పాఠశాల గమ్యము లేని ప్రయాణము వంటిది. తలిదండ్రు లెన్నాళ్లు బిడ్డలను బంపుదురు?

అప్పుడు పాఠశాల పూనా వంక జూచినది. కర్వే మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, దాని ప్రవేశపరీక్షకు దన విద్యార్థినులను బంపసాగినది. ఏ యధ్యక్షుని సభలో దెలుగు మాట పరిహాసపాత్రమైనదో, ఆ యధ్యక్షుడు స్థాపించిన విశ్వవిద్యాలయమే తెలుగు బాలికలకు దెలుగున బరీక్ష నొసగినది. ఇది పశ్చాత్తాపముచే జరిగినది కాదు. పూనా నియమములలో మొదటినుండియు నున్న యవకాశమే. ఆ యవకాశమును గుర్తించి, పగను గాక ప్రయోజనమును జూచి, చేయి చాచుట మాడపాటివారి వివేకము. ఆంధ్రోద్యమ చరిత్రమున 1921 నాటి రాత్రికెంత స్థానమో యీ యనుబంధమునకును అంత స్థానము గలదు. మొదటిది రోషము, రెండవది కార్యము.

ఆంధ్రబాలికోన్నతపాఠశాల యను సమాసమును గూర్చి వైయాకరణులు కొంత విచారింపవచ్చును. ఇందు ఆంధ్రశబ్దము బాలికలకు విశేషణమా, పాఠశాలకు విశేషణమా? బాలికలు ఆంధ్రలగుటకు సర్కారునకు నాక్షేపము లేదు; పాఠశాల యాంధ్రమగుటయే చిక్కు. ఉన్నతశబ్దమును గూడ రెండు విధముల నన్వయింపవచ్చును: బాలికలయొక్క ఉన్నతపాఠశాల యని షష్ఠి, బాలికలచే నున్నతమైన పాఠశాల యని తృతీయ. పేరు పెట్టినవారి యుద్దేశము మొదటిదే. చరిత్ర మాత్రము రెండవదానిని సమర్థించుచున్నది.

ఎట్లన, బాలురకు దెలుగున నున్నతవిద్య నేర్పుటకు బూనుకొనుట కష్టమైనది. బాలుడు పరీక్ష గెలిచి కొలువులో జేరవలెను. కొలువునకు ఉర్దువు గావలెను. తెలుగున జదివినవాడు కచేరీ గుమ్మము దాటలేడు. కావున భాషాభిమానియైన తండ్రియు దన కొడుకును సర్కారు బడికే పంపెను. బాలిక కొలువు చేయదని యెల్లరును నమ్మి యుండిరి. ఆమె పట్టమునకు సర్కారు గుర్తింపు లేకున్నను నష్టమని యెవ్వరును దలంపరైరి. పూనా విశ్వవిద్యాలయమునకు శాసనబద్ధమైన గుర్తింపు స్వాతంత్ర్యానంతరము గాని రాలేదు. అట్టి పట్టముతో బాలుడు జీవింపలేడు. బాలికకు జీవనోపాయమే యక్కఱ లేదనిరి. స్త్రీ నుద్యోగమునకు బనికిరానిదానిగ నెంచిన యలక్ష్యమే, యామెకు దల్లిభాషలో నున్నతవిద్యను దక్కించినది. అన్నదమ్ములు పరభాషలో వల్లెవేయుచుండగా అక్కచెల్లెండ్రు తమ భాషలో గణితమును, భూగోళమును జదివిరి. ఇది న్యాయము వలన గలిగిన లాభము గాదు. అన్యాయమునుండి పిండుకొన్న లాభము. ఈ విషయమును గప్పిపుచ్చి, పాఠశాలాస్థాపనమును గేవలము స్త్రీజనోద్ధరణముగ గీర్తించుట సత్యమునకు దగదు.

అయినను పాఠశాల దెఱచినవారి యంచనాను మించి ఫలము గలిగినది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి యధ్యక్షతను బ్రథమాంధ్రమహాసభ జరిగినప్పుడు, దానితోడనే ఆంధ్రమహిళాసభ నడింపల్లి సుందరమ్మ యధ్యక్షతను జరిగెను. అది మొదలు మహాసభ యెచట జరిగిన నచట మహిళాసభయు జరుగుట యాచారమైనది. 1934లో ఖమ్మమున ఎల్లాప్రగడ సీతాకుమారి, 1935లో సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, 1936లో షాద్‌నగరున బూర్గుల అనంతలక్ష్మమ్మ, 1937లో నిజామాబాదున నందగిరి ఇందిరాదేవి యధ్యక్షులైరి. బాల్యవివాహ నిషేధము, వితంతువివాహము, బాలికా పాఠశాలల స్థాపనము వారి తీర్మానములలో మఱల మఱల వచ్చెడి విషయములు. 1921లో నొక పురుషుడు తెలుగున మాటలాడబోయి నోరు మూసికొనవలసి వచ్చెను. తొమ్మిదేండ్లకు స్త్రీలు తెలుగున నధ్యక్షోపన్యాసములు చేయుచుండిరి. నగరమున ఆంధ్రయువతీమండలి వెలసి యువతుల కొక కూడలి యైనది. ఇల్లిందల సరస్వతీదేవి వంటి రచయిత్రులు దాని కృషిలో బాలుగొనిరి. ఆమె స్వర్ణకమలాలు కథాసంపుటికి 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఈ కీర్తిలో నొక కొఱత గలదు. నారాయణగూడ పాఠశాలయందును, మహిళాసభలయందును గనబడు కుటుంబములు చాలవఱకు న్యాయవాదులవి, దేశ్‌ముఖులవి, ఉద్యోగులవి. పాతనగరపు బస్తీలలో గూలినాలి చేసికొను తల్లుల బిడ్డలకు ఆ వంతెన దూరము. వారి విషయమై పాటుపడినవాడు భాగ్యరెడ్డివర్మ (1888-1939). ఆయన 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథలచేతను భజనలచేతను మాలమాదిగ వాడలలో బ్రబోధము చేసెను. నగరమున నాదిహిందూ పాఠశాలలను నెలకొల్పి తెలుగుననే చదువు చెప్పించెను. బాలికలను దేవతకు విడిచి జోగినులుగ జేయు దురాచారమును నిలిపివేయుటకై పోరాడెను. ఆంధ్రోద్యమ నాయకులు బాలికకు బరీక్షను సంపాదించి పెట్టుచుండగా, ఈయన బాలికకు బాల్యమునే సంపాదించి పెట్టుటకు గష్టపడెను. ఆంధ్రోద్యమ చరిత్రములలో నీయన కృషికి దగినంత చోటు దొరకక పోవుట శోచనీయము.

యువకుల విషయమును రెండు మాటలలో జెప్పవచ్చును. 1918లో రాజబహద్దరు వేంకటరామారెడ్డి ప్రోత్సాహముచే వెలసిన రెడ్డి విద్యార్థివసతిగృహము పల్లెలనుండి వచ్చిన బాలురకు నెలవైనది. 1943లో నిజాము రాష్ట్రాంధ్రసారస్వతపరిషత్తు పుట్టినదియు నచటనే. ఆ పరిషత్తు తెలుగు పరీక్షలను నడపి వయోజనులకును, స్త్రీలకును జదువు మార్గము దెఱచినది. 1938లో ఉస్మానియా విద్యార్థులు వందేమాతరము పాడినందులకు బహిష్కృతులైరి. వారిలో బలువురను నాగపురి విశ్వవిద్యాలయము చేర్చుకొన్నది. తమ రాష్ట్రమున జోటు లేక పరరాష్ట్రవిద్యాలయమును నాశ్రయించుట ఆ యువకులకు గ్రొత్తయే గాని, వారి యక్కచెల్లెండ్రకు గ్రొత్త గాదు.

1948 సెప్టెంబరు పిమ్మట ఉస్మానియాలో బోధనాభాష మాఱినది. 1949లో మహిళాకళాశాల కోఠీలోని పూర్వపు రెసిడెన్సీ భవనమునకు వచ్చినది. ఏ రెసిడెంటు నీడను దెలుగువారు గ్రంథాలయము గట్టుకొనిరో, ఆ రెసిడెంటు సౌధమున బాలికలు పాఠములు చదువనారంభించిరి. నారాయణగూడ పాఠశాలకు స్థాపకుని పేరే పెట్టబడినది. ఆయన 1951లో హైదరాబాదునకు బ్రథమ మేయరై, 1955లో పద్మభూషణ బిరుదమును బొందెను.

పాతనగరపు దిక్కునకు మఱలి వచ్చినచో, అచట సంగం లక్ష్మీబాయి కృషి చెప్పదగినది. ఘటకేశ్వర ప్రాంతమున 1911లో జన్మించిన యీమె గుంటూరి శారదానికేతనమునను, కర్వే విశ్వవిద్యాలయ విధానమునను జదువుకొన్నది. శారదానికేతనము ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు స్థాపించిన బాలికాశ్రమము. ఉప్పు సత్యాగ్రహమున జెఱసాల కేగిన లక్ష్మీబాయి పిమ్మట హైదరాబాదు శాసనసభ సభ్యురాలై, 1954 మొదలు 1956 వఱకు విద్యాశాఖ ఉపమంత్రిణియై, 1957 నుండి వికారాబాదు ప్రతినిధిగ లోక్‌సభలో గూర్చున్నది. సర్కారు లెక్కకు రాని పట్టముతో జదివిన యాడుది సర్కారు విద్యాశాఖనే నడపినది.

ఆమె మూసీకి దక్షిణమున, సైదాబాదు ప్రాంతమున, అనాథబాలికలకై యిందిరా సేవాసదనమును నెలకొల్పినది. న్యాయవాదుల కూతుండ్ర కబ్బిన విద్యను దిక్కులేని బిడ్డలకు బంచి, మాడపాటివారి పాఠశాల దాటని వంతెనను ఆమె యెదురుదిశనుండి దాటినది. ఆ సదనమును బట్టి యచటి కూడలికిని, పేటకును పేరు వచ్చినది. జనుల నోట నా పేరు కుఱుచయై, నేడు ఐ.ఎస్. సదన్ అని వ్యవహరింపబడుచున్నది. చంపాపేటకును, సంతోషనగరునకును బోవువారు దినమున కెన్నిమాఱులో యా పేరు పలుకుదురు. అందలి రెండక్షరములు దేనికి గుఱుతులో యెఱిగినవారు కొలదిమంది.